ఉప్పుకు ముళ్ళకంచె

మొన్న ఒక సాయంకాలం మా ఆవిడ దేవుడిముందు దీపం పెట్టి ఇంకా లేవనైనా లేవలేదు, పక్కవాటాలో ఉండే పిన్నిగారు గిన్నె పుచ్చుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"అమ్మాయ్, కాస్త అది ఉంటే పెట్టమ్మా. పొయ్యిమీద పులుసు మరిగిపోతోంది, తీరా చూస్తే సీసా ఖాళీ!" అన్నారు.

'అది' ఏమిటో ఆవిడా చెప్పలేదు, మా ఆవిడా అడగలేదు. దీపాలు పెట్టిన తరువాత ఉప్పును ఉప్పు అనకూడదు గదా! "సందెవేళ ఇవ్వకూడదు పిన్నిగారూ" అంటూనే మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఉప్పుసీసా తెచ్చింది. తెచ్చి చేతికివ్వకుండా అరుగుమీద పెట్టింది. పిన్నిగారు కావలసినంత గిన్నెలో వంచుకుని, సీసాను మళ్ళీ అరుగుమీదే ఉంచి చక్కాపోయారు. ఉప్పు చేతినుంచి చేతికి మారితే తగవులొస్తాయట. ఈ ఏర్పాటుతో ఇవ్వనట్టూ అయింది, పులుసు దక్కనూ దక్కింది.

పడకకుర్చీలో పడుకుని ఇదంతా చూస్తున్న నాకు నవ్వు ఆగలేదు.

"ఎందుకండీ ఆ నవ్వు?" అంది మా ఆవిడ.

"ఏమీ లేదు. నూటయాభై ఏళ్ళ కిందట ఉప్పు ఒకవైపునుంచి ఇంకోవైపుకు పోకుండా సర్కారువారు ఏం చేశారో తెలుసునా? ముళ్ళకంచె వేశారు."

"ఉప్పుమళ్ళ చుట్టూనా?"

"కాదు. దేశానికి అడ్డంగా."

ఆవిడ నావంక ఒక్క చూపు చూసి, "మీ నోటుబుక్కులో కథ కాబోలు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నోటుబుక్కు సంగతి చెప్పాలి. మా చిన్నతనంలో వెచ్చాలన్నీ పాతకాగితాల పొట్లాల్లో వచ్చేవి. మా అమ్మ చింతపండో ధనియాలో డబ్బాలో పోసుకోగానే మా నాన్నగారు ఆ కాగితం పుచ్చుకుని, దులిపి, మడతలు సాపు చేసి, కళ్ళజోడు తగిలించుకుని ఈ మూలనుంచి ఆ మూలదాకా చదివేవారు. సీరియల్ నవల ఒక ప్రకరణం మిరపకాయల పొట్లంలో వచ్చేది. తరువాయి ప్రకరణంకోసం మళ్ళీ ఆ కొట్లోనే మిరపకాయలు కొనాలని ఆయన పట్టు. అందులో వింతగా తోచినదాన్ని ఒక పుస్తకంలో ఎక్కించేవారు. ఆస్తి కింద నాకు సంక్రమించిన వాటిలో ఆ అలవాటు ఒకటి. ఇప్పుడు పొట్లాలు లేవు గనుక పుస్తకాలు కొని చదువుతున్నాను. ఖర్చు ఎక్కువ, ఆనందం అంతే.

నా నోటుబుక్కులో పన్నులకని ప్రత్యేకంగా కొన్ని పుటలున్నాయి. రష్యాచక్రవర్తి పీటరు 1698లో పశ్చిమ దేశాలు చూసివచ్చి, తన ప్రజల గడ్డాలు చూసి సిగ్గుపడ్డాడు. 1705లో గడ్డం ఉంచుకునేవారికి పన్ను వేశాడు. పెద్ద వర్తకుడికి ఏడాదికి వంద రూబుళ్ళు. పల్లెటూరి రైతు తన ఊళ్ళో ఎంత గడ్డమైనా పెంచుకోవచ్చుగాని, పట్నం ద్వారం దాటినప్పుడల్లా ఒక కొపెక్కు చెల్లించాలి. పన్ను కట్టినవారికి రసీదుగా ఒక బిళ్ళ ఇచ్చేవారు. దానిమీద ముక్కూ మీసమూ గడ్డమూ చెక్కి, సొమ్ము ముట్టినట్టు రాసి ఉండేది. ఇంగ్లండులో 1696లో కిటికీలకు పన్ను వేస్తే జనం కిటికీలను ఇటుకలతో మూసేసుకుని చీకట్లో కూర్చున్నారు. ఆ పన్ను 1851దాకా పోలేదు. అక్కడి పాత ఇళ్ళ గోడలమీద ఆ మూసిన కిటికీలు నేటికీ కనిపిస్తాయి. అదే దేశంలో 1797లో ప్రధాని పిట్ గడియారాలమీద పన్ను వేశాడు. జనం గడియారాలు కొనడం మానుకున్నారు, గడియారాలు చేసేవారు వీధిన పడ్డారు, ఏడాది తిరక్కుండానే పన్ను రద్దయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, "గడ్డం గీయించుకోవచ్చు, కిటికీ మూసుకోవచ్చు, గడియారం లేకపోతే సూర్యుణ్ణి చూసుకోవచ్చు. ఉప్పు మానెయ్యమంటే ఎట్లాగండీ?" అంది.

కంపెనీ దొరలకు తట్టిందీ సరిగ్గా అదే. ఎవడూ మానలేని సరుకుమీద వేసిన పన్ను ఎవడూ ఎగవేయలేడు. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసే కూలివాడికి చెమటతో పోయిన ఉప్పు మళ్ళీ పడాలి. పశువుకూ ఉప్పు కావాలి. షావుకారు తినేదీ కూలివాడు తినేదీ ఇంచుమించు ఒక్కటే కొలత. ఆ మాటకొస్తే కూలివాడే రెండు పలుకులు ఎక్కువ తింటాడు. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాలులో ఉప్పును కంపెనీ గుత్తకిందికి తెచ్చాడు. 1805లో మన మద్రాసు రాజధానిలోనూ ఆ గుత్త వచ్చింది. సముద్రపు నీళ్ళు ఎండలో ఆరితే తయారయ్యే సరుకు, దానికి కంపెనీవారి ముద్ర లేకపోతే దొంగసొమ్ము!

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. బెంగాలులో ఉప్పు ఖరీదు పెరిగేసరికి బయటి ఉప్పు లోపలికి నడిచిరావడం మొదలెట్టింది. రాజపుటానాలో సాంభర్ అనే పెద్ద ఉప్పుసరస్సు ఉంది. అది జయపురం, జోధ్‌పూర్ సంస్థానాలది. అక్కడ కంపెనీ పన్ను లేదు. ఎడ్లమీద నాలుగు బస్తాలు వేసుకుని బ్రిటిషు ఇలాకాలో దిగితే మంచి లాభం. దీన్ని ఆపడానికి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో దారులమీద అక్కడక్కడ సుంకపు చౌకీలు పెట్టారు. జనం చౌకీల మధ్యనుంచి పోయారు. అందుకని చౌకీలను కలుపుతూ ఒక వరస ఏర్పాటు చేశారు. ఆ వరస పెరిగి పెరిగి, 1869 నాటికి సింధునది దగ్గర మొదలై, పంజాబు, ఢిల్లీ, ఆగ్రా, ఝాన్సీ ప్రాంతాలమీదుగా మధ్యపరగణాలు దాటి, నేటి ఒడిశాలో మహానదిదాకా వచ్చింది. పొడవు 2,300 మైళ్ళు, అనగా 3,700 కిలోమీటర్లు. హైదరాబాదునుంచి రోడ్డుమీద ఢిల్లీ వెళ్ళి, తిరిగివచ్చి, మళ్ళీ ఒక యాత్రకు బయలుదేరినా సరిపోయేంత. దాన్ని కాయడానికి ఇంచుమించు 12,000 మంది మనుషులు, 1,700 పైచిలుకు కావలిచోట్లు.

ఈ వరసకు ముందు ఎండుకంపే అడ్డం. తుమ్మకంప, రేగుకంప నరికి తెచ్చి పేర్చేవారు. చెదలు తినేవి, నిప్పంటుకునేది, గాలివాన వస్తే ఫర్లాంగులకు ఫర్లాంగులు ఎగిరిపోయేవి. మైలుకు టన్నులకొద్దీ కంప ఏటేటా బళ్ళమీద తోలాలి. మనూళ్ళో పెరటిదడి ఏడాదికొకసారి కట్టించుకోవడానికే మనిషి దొరక్క ఏడుస్తాం. దేశమంత దడి కట్టించేవాడి గతి ఆలోచించండి.

1867లో ఈ శాఖకు కమిషనరుగా వచ్చిన దొర పేరు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. ఈ పేరు మీరెక్కడో విన్నట్టుంది కదూ? విన్నారు. కొంచెం ఓపిక పట్టండి, ఆ సంగతికే వస్తున్నాను.

హ్యూమ్ పనిమంతుడు. ఎండుకంప దండుగ అని లెక్కలు కట్టి, బతికున్న కంచె పెంచాలన్నాడు. ఏ నేలకు ఏ ముళ్ళచెట్టు బాగుంటుందో పరీక్ష చేయించాడు. నల్లతుమ్మ, రేగు, వాక, నాగజెముడు, బొమ్మజెముడు — మన పొలంగట్లమీద పెరిగేవే అన్నీ. నేల పనికిరానిచోట మంచిమట్టి తెచ్చి పోయించాడు, నీరు నిలిచేచోట గట్లు వేయించాడు, పక్కన కావలివాళ్ళు తిరగడానికి బాట వేయించాడు. బాగా పెరిగినచోట ఆ కంచె 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం. మనిషి సంగతి దేవుడెరుగు, మేకపిల్ల కూడా దూరలేదు. చెట్లు పెరగనిచోట ఎండుకంపే ఉంచారు. రాయి దొరికినచోట గోడ కట్టారు. పచ్చటి కంచె వందల మైళ్ళు పెరిగింది గాని, పెరిగినదాన్ని నిలుపుకోవడమే పెద్ద తపస్సు. ఎలకలు కాపరం పెట్టాయి, మిడతలు తిన్నాయి, బదనికలు పట్టాయి. ఒక చక్రవర్తిత్వానికి ఎలకలతోనూ బదనికలతోనూ యుద్ధం!

కావలివాళ్ళను సొంతవూరికి దగ్గర్లో వేసేవారు కారు, పెళ్ళాంబిడ్డలను తెచ్చుకోనిచ్చేవారు కారు. జీతం నెలకు అయిదు రూపాయలు. పొలంకూలికి మూడు రూపాయలు వచ్చే రోజులవి గనుక ఆ ఉద్యోగానికి గిరాకీ ఉండేది. జీతానికి తోడు పైరాబడి ఏమైనా ఉండేదా అని అడగకండి; ముళ్ళకంచెకు ద్వారం ఉన్నప్పుడు ద్వారపాలకుడికి చేయీ ఉంటుంది. లోపలికి వచ్చేవాడి దగ్గర ఉప్పు ఉందేమోనని వెతికేవారు. బయటికి పోయేవాడినీ వదిలేవారు కారు. బ్రిటిషు ఇలాకానుంచి పోయే పంచదారమీద కూడా సుంకమే.

ఇంత చేసినా ఉప్పు ఆగిందా? రాత్రిపూట కంచెమీదుగా బస్తాలు విసిరేవారు. బస్తాలు మోసే ఒంటెల మందను తోలుకొచ్చి ఒక్కసారిగా కంచెమీదికి ఉరికించేవారు. పట్టుబడినవాడికి సుమారు 8 రూపాయలు జరిమానా. కట్టలేకపోతే ఆరు వారాలు జైలు. 1877-78 ఒక్క ఏడాదిలో శిక్షపడినవారు 6,077 మంది. 1877 సెప్టెంబరులో 112 మంది ముఠా ఒకటి కంచె దాటుతుంటే అడ్డుపడిన కావలివాళ్ళిద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయిదు రూపాయల జీతానికి ఇల్లు వదిలి వచ్చిన మనుషులు! ఎవరి ఉప్పుకోసం చచ్చారో వాళ్ళకైనా తెలుసునో లేదో.

ఇంతవరకూ చదివి మీరు ఇదంతా ఉత్తరదేశపు గొడవ, మనకేమని అనుకుంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. మన తీరమంతా ఉప్పుకొటార్లే. నౌపడా, కాకినాడ, బందరు, చినగంజాం — ఉప్పుకు మనకేం లోటు? లంబాడీలు ఎడ్లమందలమీద మన తీరపు ఉప్పు లోపలిదేశాలకు మోసేవారు. లంబాడీ అనే మాటే లవణంనుంచి వచ్చిందని చెప్పేవారున్నారు. మన మద్రాసు రాజధానిలో పన్ను కూడా బెంగాలుకంటె తక్కువ. అక్కడ మణుగుకు మూడు రూపాయల నాలుగణాలుంటే ఇక్కడ ఒక రూపాయి పదమూడణాలు. మణుగంటే మన పాతిక పౌన్ల మణుగు కాదు, వారి 82 పౌన్లది, అనగా 37 కిలోలు.

కంచెను ఎందుకు తీసేశారో చూడండి. ఆ కంచెవంటి వ్యవస్థకు నాగరికదేశాల్లో మరొక సాటి దొరకదని అనుకున్నవారు సర్కారులోనే ఉన్నారు. అలా రాసిన సర్ జాన్ స్ట్రాచీ సాక్షాత్తూ ఆర్థికమంత్రి. అయితే కంచె తీసినంతమాత్రాన పన్ను తీస్తారా? ఒక ఉపాయం పన్నారు. ఉప్పుసరస్సునే మనం కౌలుకు తీసుకుంటే, పుట్టినచోటే పన్ను పట్టుకోవచ్చు, దారికాయనక్కరలేదు. సాంభర్ సరస్సు కౌలు ఒప్పందాలు 1869-70లలో కుదిరాయి. వాటిని నడిపించింది మన హ్యూమ్ దొరే. తాను పెంచిన కంచెకు తానే గొడ్డలి కూడా నూరి ఇచ్చాడన్నమాట. ఇక రెండో చిక్కు: అక్కడ మూడూ నాలుగణాలూ, ఇక్కడ ఒకటీ పదమూడణాలూ ఉంటే, మన ఉప్పు అటు నడిచిపోతుంది, మళ్ళీ కంచె కావాలి. కాబట్టి రెండూ సమానం చేయాలి. వారిది తగ్గించాలి, మనది పెంచాలి.

1877 ఆఖరులో మద్రాసు, బొంబాయి రాజధానుల్లో ఉప్పుపన్ను రెండు రూపాయల ఎనిమిదణాలు చేశారు. రూపాయికి ఆరణాలకు పైగా పెంపు.

1877 అంటే ఏమిటో రాయలసీమవారికి చెప్పనక్కరలేదు. అది ధాత కరువు. 1876లో వానలు పోయాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో బ్రిటిషు ఇలాకాలో పోయిన ప్రాణాలు యాభై లక్షలకు పైబడి అని సర్కారు లెక్కలే ఒప్పుకున్నాయి. కరువుపనిలో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన కాస్త చిల్లరా సరిపోతుందని నిర్ణయించినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. ఆ చిల్లరలోనుంచే పప్పో, మిరపకాయో, ఉప్పో కొనుక్కోవాలి. ఆ సమయంలో ఉప్పు పిరమైంది.

మా అమ్మమ్మ కర్నూలు జిల్లా మనిషి. ఆవిడ పుట్టేనాటికి కరువు దాటి చాలా కాలమైంది; ఆ కథలు వాళ్ళ నాయనమ్మ చెప్పగా విన్నవి. ఆవిడ దగ్గర నాకు తెలిసిన ఒక్క కోపం ఉప్పు దగ్గరే. అన్నం మెతుకు పారేసినా ఊరుకునేదేమోగాని, కంచంపక్కన వేసిన ఉప్పు నేలమీద పడితే వీపు విమానం మోగేది. "పారబోసిన ఉప్పంతా చచ్చాక యమలోకంలో కనురెప్పలతో ఎత్తాలిరా" అనేది. నేను పడుకుని, కళ్ళు ఆర్పుతూ, రెప్పలతో ఉప్పుకల్లు ఎట్లా ఎత్తడమా అని చాలా రాత్రులు సాధన చేశాను. ఇది మన తెలుగు ఇళ్ళల్లో అంతటా ఉన్న మాటే. ఎప్పుడు పుట్టిందో ఎవరికెరుక! అయితే ఆ రెండున్నర రూపాయల లెక్క చదివిన రోజునుంచి నాకా మాట వింతగా తోచడం మానింది.

1879 ఏప్రిల్ 1వ తేదీన కంచె వరసను సర్కారువారు ఎత్తేశారు. తేదీ నేను కల్పించింది కాదు. దాన్ని అంత శ్రద్ధగా పెంచిన హ్యూమ్‌ను కూడా, దొరలకు నచ్చని మాటలు మొగమ్మీదే అనే గుణం ఉండడంచేత, అదే ఏడాది కార్యదర్శి పదవినుంచి దించారు.

ఇక హ్యూమ్ కథ. ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి పరిపాలన, రెండవది పక్షులు. సుంకాల తనిఖీకి తిరిగినచోటల్లా పక్షులను పోగుచేశాడు. 1872లో పక్షులకోసమే ఒక పత్రిక పెట్టాడు. భారతదేశపు పక్షులన్నిటిమీదా ఒక బృహద్గ్రంథం రాయాలని ఏళ్ళతరబడి కాగితాలు నింపాడు. ఒకసారి చలికాలం గడిపి సిమ్లాలోని ఇంటికి తిరిగివస్తే రాతప్రతులు లేవు. ఇంట్లో పనివాడొకడు వాటిని తూకానికి సిమ్లా బజారులో అమ్మేశాడు! ఆ బజారులో ఎన్ని నెలలపాటు ఏ కొట్టువాడు ఏ పక్షి పుటలో ఏ సరుకు కట్టి ఇచ్చాడో! అందులో ఉప్పుపొట్లాలు కూడా ఉండే ఉంటాయని నాకు ఒకటే అనుమానం. మా నాన్నగారు ఆ కాలంలో సిమ్లాలో ఉండి ఉంటే ఆ గ్రంథం కొంతైనా దక్కేది.

గుండె పగిలిన హ్యూమ్ తన దగ్గరున్న 82,000 పక్షిచర్మాలనూ గుడ్లనూ 1885లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. పక్షులు వెళ్ళిపోయాక ఆయనకు ఒక్క పనే మిగిలింది. ఆ ఏడాదే డిసెంబరు 28న దేశం నలుమూలలనుంచి 72 మందిని ఒకచోట చేర్చాడు. పూనాలో జరగవలసింది, అక్కడ కలరా సోకడంతో బొంబాయికి మార్చారు. అదే కాంగ్రెసు మొదటి మహాసభ. మన వైపునుంచి పనబాక ఆనందాచార్యులుగారూ, బందరు సింగరాజు వెంకటసుబ్బరాయుడుగారూ, అనంతపురంనుంచి కేశవపిళ్ళెగారూ వెళ్ళినవారిలో ఉన్నారు. అవును, ఉప్పుకంచెను ఏపుగా పెంచిన హ్యూమ్, కాంగ్రెసును పెంచిన హ్యూమ్, ఒక్కడే.

ఇంకో విడ్డూరం చూడండి. ఆ మొదటి మహాసభలోనే దక్షిణాది ప్రతినిధి ఎస్.ఎ. స్వామినాథయ్యర్‌గారు లేచి ఉప్పుపన్ను అన్యాయమని మాట్లాడారు. తాను కన్న సభలోనే తన పాత ఉద్యోగంమీద ఫిర్యాదు! అప్పుడు హ్యూమ్ మొగం ఎలా ఉందో చూడాలని నాకు ఎంతో సరదా.

ఆయన్ను కపటి అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. ఇటావాలో కలెక్టరుగా ఉన్నప్పుడు పేదపిల్లలకు ఉచితంగా బడులు పెట్టించినవాడు. కల్లుసారాల రాబడి పాపపుసొమ్మని రాసినవాడు. అలాంటి మనిషే, ఉప్పుశాఖ అప్పగించగానే ఇంత మంచి కంచె పెంచాడు. చెడ్డవాడు పెంచి ఉంటే కంచె ఇంత బాగా ఉండేది కాదు. మధ్యలో కంతలుండేవి, జనం బతికిపోయేవారు.

తరువాతి కథ మీకు తెలిసిందే. హ్యూమ్ 1912లో పోయాడు. ఆయన కాంగ్రెసు 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో గాంధీగారి చేతిలో గుప్పెడు ఉప్పై లేచింది. మద్రాసులో ప్రకాశంపంతులుగారు, దుర్గాబాయిగారు ఉప్పు వండారు. దుర్గాబాయిగారు జైలుకు వెళ్ళారు. మన కోస్తాలో కొండా వెంకటప్పయ్యగారి నాయకత్వాన శిబిరాలు వెలిశాయి. 1931 మార్చిలో గాంధీ-ఇర్విన్ ఒప్పందంతో తీరపు పల్లెలవారు ఇంటివాడకానికి ఉప్పు చేసుకోవచ్చునన్నారు. పన్ను 1947లో పూర్తిగా పోయింది. ఇవన్నీ మన పిల్లల పాఠాల్లో ఉన్నాయి. కంచె మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

ఎందుకు లేదంటే, ఎవరికీ గుర్తులేదు గనుక. 2,300 మైళ్ళ వరస, 12,000 మంది కాపలా, నూరేళ్ళైనా తిరక్కుండా దేశం మరిచిపోయింది. దాన్ని తవ్వితీసినవాడు రాయ్ మాక్సహమ్ అనే ఇంగ్లీషాయన, పాత పుస్తకాలు బాగుచేయడం ఆయన వృత్తి. 1995లో లండనులో ఒక పాతపుస్తకాల కొట్లో స్లీమన్ రాసిన జ్ఞాపకాల పుస్తకం కొన్నాడు. అందులో పుట అడుగున, సన్న అక్షరాల్లో, ఈ కంచె గురించి నాలుగు మాటలున్నాయి. ముందు కట్టుకథ అనుకున్నాడట. అనుమానం తీరక దస్త్రాలు తిరగేశాడు, పాత పటాలు సంపాదించాడు, మూడుసార్లు మన దేశం వచ్చి ఎండలో పడి తిరిగాడు. చాలాచోట్ల కంచె బాట రోడ్డుగా మారిపోయింది; మిగిలినచోట రైతులు దున్నుకున్నారు. చివరకు 1998లో చంబల్ లోయ దగ్గర ఒకచోట ఎత్తైన గట్టూ, దానిమీద ముళ్ళచెట్లూ కొద్దిమేర దొరికాయి. ఆ చోటు ఏ జిల్లా అనుకున్నారు? ఇటావా. హ్యూమ్ కలెక్టరుగిరీ చేసిన ఇటావాయే. 2001లో ఆయన ఈ కథంతా పుస్తకంగా వేశాడు. నా నోటుబుక్కులో ఎక్కిన కంచె అక్కడిదే.

సన్న అక్షరాలు చదివేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం. మా నాన్నగారు ఉండి ఉంటే మాక్సహమ్‌కు ఒక ఉత్తరం రాయించి ఉండేవారు.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు మళ్ళీ వచ్చారు. పొద్దు ఎక్కింది గనుక ఇప్పుడు భయం లేదు. "ఇదిగోనమ్మా ఉప్పు!" అని గట్టిగానే అంటూ కొత్త పాకెట్టు ఒకటి అరుగుమీద పెట్టారు.

"ఇంతోటి దానికి పాకెట్టు ఎందుకండీ?" అంది మా ఆవిడ.

"ఉప్పు రుణం ఉంచుకోకూడదమ్మా" అని ఆవిడ నావైపు తిరిగి, "రాత్రి గోడ అవతలకు వినిపించింది నాయనా, ఏదో కంచె అంటున్నావు. మొదటినుంచీ చెప్పు, వింటాను" అంటూ మెట్టుమీద చతికిలబడ్డారు.

నేను అలవాటుకొద్దీ ఆ పాకెట్టు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. బరువూ, ధరా, అయొడిను సంగతీ తప్ప చదవడానికి దానిమీద ఏమీ లేదు. పక్కన పెట్టి కథ మొదలెట్టాను.